నెట్‌వర్క్ సెక్యూరిటీ మొదలుపెట్టాలి: 8 జీబీ ల్యాప్‌టాప్, వచ్చే సెమిస్టర్‌లో సీఎన్‌ఎస్. ఏది ముందు?

మూడో_ఏడు_సీఎస్‌ఈ:
అందరికీ నమస్కారం. బీటెక్ మూడో ఏడు. వచ్చే సెమిస్టర్‌లో క్రిప్టోగ్రఫీ అండ్ నెట్‌వర్క్ సెక్యూరిటీ పేపర్ ఉంది. కంప్యూటర్ నెట్‌వర్క్స్ అయిపోయింది. ఓఎస్‌ఐ లేయర్లు, సబ్‌నెట్ లెక్కలు వచ్చు గానీ అసలు ప్యాకెట్ ఎలా ఉంటుందో కళ్లతో చూడలేదు. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, విండోస్ 11. నా సందేహాలు మూడు. ముందు లెక్కలు పట్టుకోవాలా, టూల్స్ పట్టుకోవాలా? ల్యాబ్ పెట్టుకోవడానికి ఈ ల్యాప్‌టాప్ చాలుతుందా? హాస్టల్ వైఫై మీద ప్రాక్టీస్ చేయొచ్చా?

ల్యాబ్_తాళాలు:
మూడోదానికి ముందు జవాబు చెప్పాలి. హాస్టల్ వైఫై మీద వద్దు. స్కాన్ కూడా వద్దు. ఐటీ చట్టం 2000లో సెక్షన్ 43 ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి గానీ నెట్‌వర్క్‌లోకి గానీ వెళ్లడం, దానికి అంతరాయం కలిగించడం నష్టపరిహారం కట్టాల్సిన తప్పు. అదే పని మోసపూరితంగా చేశారని తేలితే సెక్షన్ 66 కింద 3 ఏళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. "నేర్చుకోవడానికే చేశాను" అన్న మాట రాతపూర్వక అనుమతికి బదులు కాదు. కాలేజీ నెట్‌వర్క్ మీదే ఏదైనా చేయాల్సి వస్తే ఏ ఐపీలు, ఏ తేదీ, ఏ వేళ, ఏ టూల్ అన్నది రాసి హెచ్‌ఓడీతోనూ నెట్‌వర్క్ అడ్మిన్‌తోనూ సంతకం పెట్టించుకోండి.

అయినా మీ స్థాయికి అది అవసరమే లేదు. మీ ల్యాప్‌టాప్ లోపలే రెండు మూడు మిషన్ల నెట్‌వర్క్ నడుస్తుంది.

గోదారి_గేట్‌వే:
8 జీబీ చాలు తమ్ముడూ. కొలతలు ఇవి: వర్చువల్‌బాక్స్‌లో (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) కాలీ లైనక్స్‌కి (సెక్యూరిటీ టూల్స్‌తో వచ్చే లైనక్స్) 2 జీబీ ర్యామ్, రెండు కోర్లు. గురిగా మెటాస్ప్లాయిటబుల్ 2. ఇది కావాలనే లోపాలతో తయారుచేసిన పాత ఉబుంటు 8.04, దానికి 512 ఎంబీ ఇస్తే పరుగెడుతుంది. మిగతాది విండోస్‌కి. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు మాత్రం తెరిచి పెట్టకు. డిస్కులో 40 జీబీ ఖాళీ ఉంచుకో.

మెటాస్ప్లాయిటబుల్‌కి ఇన్‌స్టాలర్ ఉండదు, రెడీమేడ్ డిస్క్ ఫైల్ వస్తుంది. కొత్త మిషన్ సృష్టించి "ఉన్న డిస్క్ వాడు" అని ఆ ఫైల్ చూపించాలి. బూట్ దగ్గరే "ఈ కెర్నల్‌కి కావలసిన ఫీచర్లు సీపీయూలో లేవు" అని ఆగిపోతే ప్రాసెసర్ సెట్టింగ్స్‌లో పీఏఈ టిక్ పెట్టు. మిషన్లు నత్తనడక నడుస్తూ, విండో కింద పచ్చ తాబేలు బొమ్మ కనబడితే విండోస్ హైపర్-వీ వెనకాల నడుస్తోందని అర్థం. విండోస్ ఫీచర్లలో దాన్నీ, కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీనీ ఆపి రీస్టార్ట్ చేయాలి. అసలు మిషనే లేవకపోతే బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడు.

ఇక ముఖ్యమైనది నెట్‌వర్క్ అడాప్టర్. రెండు మిషన్లకూ హోస్ట్-ఓన్లీ (ల్యాప్‌టాప్ లోపలే తిరిగే నెట్‌వర్క్) పెట్టు. కాలీకి మాత్రం రెండో అడాప్టర్‌గా నాట్ (ల్యాప్‌టాప్ ద్వారా ఇంటర్నెట్‌కి దారి) ఇవ్వు, అప్‌డేట్ల కోసం. మెటాస్ప్లాయిటబుల్‌కి బ్రిడ్జ్‌డ్ ఎప్పుడూ ఇవ్వకు. బ్రిడ్జ్‌డ్ అంటే ఆ తలుపుల్లేని మిషన్‌ని నీ హాస్టల్ నెట్‌వర్క్‌లో నడిబజారులో నిలబెట్టినట్టే.

ఓరుగల్లు_రూటర్:
బ్రిడ్జ్‌డ్‌తో ఇంకో చిక్కూ ఉంది. ల్యాబ్ స్విచ్‌లో పోర్ట్ సెక్యూరిటీ పెట్టి ఉంటే, సిస్కో స్విచ్‌లలో డిఫాల్ట్‌గా ఒక పోర్టుకి ఒకే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య). బ్రిడ్జ్‌డ్ మిషన్ రెండో మ్యాక్‌తో మాట్లాడగానే స్విచ్ ఆ పోర్టునే మూసేస్తుంది. అడ్మిన్ వచ్చి తెరిచేదాకా ఆ టేబుల్ మీద నెట్ ఉండదు. కేబుల్ మార్చి, డ్రైవర్ మార్చి గంటలు పోగొట్టుకుంటారు, కారణం ఇది.

మూడో_ఏడు_సీఎస్‌ఈ:
చాలా థ్యాంక్స్ అన్నా. రెండూ లేచాయి. కానీ కాలీలో 10.0.2.15 వచ్చింది, మెటాస్ప్లాయిటబుల్‌లోనూ 10.0.2.15 వచ్చింది. పింగ్ వెళ్లడం లేదు. రెండింటికీ ఒకే ఐపీ ఎలా వస్తుంది?

గోదారి_గేట్‌వే:
రెండూ నాట్ మోడ్‌లోనే ఉండిపోయాయి. వర్చువల్‌బాక్స్ మామూలు నాట్‌లో ప్రతి మిషన్‌కీ దానికంటూ ఒక సొంత రూటర్ ఉంటుంది. రెండు వేర్వేరు ఇళ్లలో రెండింటికీ గది నంబరు 15 అయినట్టు. ఒకదానికొకటి కనబడవు. హోస్ట్-ఓన్లీకి మార్చాక రెండు మిషన్లనూ రీస్టార్ట్ చెయ్యి, 192.168.56.101, 102 లాంటివి వస్తాయి. నీ విండోస్ 192.168.56.1.

కాలీలో రెండు అడాప్టర్లు ఉంటాయి కాబట్టి ఏది ఏదో రాసిపెట్టుకో. వైర్‌షార్క్‌లో (ప్యాకెట్లను పట్టి చూపించే టూల్) తప్పు అడాప్టర్ ఎంచుకుని "ఏమీ రావడం లేదు" అనుకోవడం మొదటి వారంలో మామూలే.

ప్యాకెట్_పహారా:
ల్యాబ్ లేచింది కాబట్టి అసలు చదువు ఇప్పుడు. ఎక్స్‌ప్లాయిట్ల (లోపాన్ని వాడుకుని చొరబడే కోడ్) జోలికి వెళ్లకండి. మొదటి రెండు వారాలు వైర్‌షార్క్ ఒక్కటే. మామూలు ట్రాఫిక్ ఎలా ఉంటుందో తెలియనివారికి దాడి కనబడదు. ఓఎస్‌ఐ పటం బట్టీ పట్టడం ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకోవడమే.

మొదటి ప్రయోగం: కాలీలో క్యాప్చర్ మొదలుపెట్టి, మెటాస్ప్లాయిటబుల్‌కి టెల్‌నెట్‌తో (దూరంనుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి) లాగిన్ అవ్వండి. తర్వాత పోర్టు 23 ఫిల్టర్ పెట్టి, ఏదో ఒక ప్యాకెట్ మీద రైట్ క్లిక్ చేసి "ఫాలో టీసీపీ స్ట్రీమ్". యూజర్ నేమ్‌లో ప్రతి అక్షరం రెండేసి సార్లు కనబడుతుంది, పాస్‌వర్డ్ మాత్రం ఒక్కసారే. ఎందుకో ఆలోచించండి. టెల్‌నెట్‌లో మీరు కొట్టిన అక్షరం సర్వర్‌కి వెళ్లి, అది తిరిగి పంపితేనే మీ తెర మీద కనబడుతుంది. పాస్‌వర్డ్ దగ్గర సర్వర్ ఆ ప్రతిధ్వనిని ఆపేస్తుంది. తెర మీద చుక్క కూడా కనబడకపోయినా వైరు మీద పాస్‌వర్డ్ పచ్చిగా వెళుతూనే ఉంది. "తెర మీద దాచడం", "దారిలో దాచడం" వేర్వేరు పనులని ఇంతకంటే బాగా చెప్పే పాఠం నాకు తెలియదు.

అదే లాగిన్ ఎస్‌ఎస్‌హెచ్‌తో (అదే పనిని ఎన్‌క్రిప్ట్ చేసి చేసేది) చేసి పోల్చండి. అక్కడ ఒక చిక్కు వస్తుంది. కొత్త ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ "సరిపోయే హోస్ట్ కీ రకం దొరకలేదు" అని ఆగిపోతుంది. ఆ పాత సర్వర్ దగ్గరున్న కీలు ష-1 (SHA-1) హ్యాష్‌తో (డేటా నుంచి తీసే వేలిముద్ర లాంటి విలువ) సంతకం చేసే ఆర్‌ఎస్‌ఏ, ఇంకా పాత డీఎస్‌ఎస్. 2021లో వచ్చిన ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి ష-1 సంతకాలు డిఫాల్ట్‌గా బంద్. ఆ ఒక్క ఐపీకి మాత్రం పాత ఆర్‌ఎస్‌ఏ అనుమతిస్తూ కాన్ఫిగ్ ఫైల్‌లో వరుస రాసుకోండి, మొత్తానికి తెరవకండి. ఎందుకు బంద్ చేశారో మీ సిలబస్‌లోనే ఉంది. 2017 ఫిబ్రవరిలో ష-1కి ఒకే హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు తయారుచేసి చూపించారు.

మూడో_ఏడు_సీఎస్‌ఈ:
టెల్‌నెట్ చేశాను, నిజంగానే రెండేసి అక్షరాలు! ఒక సందేహం. చెక్‌సమ్ (ప్యాకెట్ దారిలో చెడలేదని తేల్చే సంఖ్య) సరిచూసే ఆప్షన్ ఆన్ చేస్తే నా మిషన్ నుంచి వెళ్లే ప్యాకెట్లన్నీ నల్లగా, చెక్‌సమ్ తప్పు అని వస్తున్నాయి. కొన్ని ప్యాకెట్లు 1500 బైట్లకంటే పెద్దగా కూడా ఉన్నాయి. ఈథర్నెట్‌లో 1500 దాటకూడదు కదా?

ప్యాకెట్_పహారా:
మంచి ప్రశ్న. రెండింటికీ కారణం ఒకటే. చెక్‌సమ్ వేయడం, పెద్ద ముక్కను 1500కి కోయడం ఇప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ చేయదు, నెట్‌వర్క్ కార్డుకి వదిలేస్తుంది. వైర్‌షార్క్ ప్యాకెట్‌ని కార్డుకి చేరకముందే చూస్తుంది. అందుకే చెక్‌సమ్ తప్పుగా, సైజు పెద్దగా కనబడతాయి. అటువైపు మిషన్‌లో అదే ప్యాకెట్ క్యాప్చర్ చేసి చూస్తే సాధారణంగా సరిగానే ఉంటుంది. (రెండూ వర్చువల్ మిషన్లే అయితే అటువైపు కూడా ముక్కలు మళ్లీ అతికినట్టు రావచ్చు. అప్పుడు ఈథ్‌టూల్‌తో ఆఫ్‌లోడ్‌లు (ఈ పనుల్ని కార్డుకి వదిలేయడం) ఆపి చూడండి.)

సీక్వెన్స్ నంబరు ఎప్పుడూ 0 నుంచి మొదలవుతోందనీ అనుకోకండి. వైర్‌షార్క్ సులువు కోసం సాపేక్షంగా చూపిస్తుంది. అసలు నంబరు యాదృచ్ఛికంగా ఎంచిన 32 బిట్ల సంఖ్య. అది ఊహించగలిగేలా ఉంటే వేరేవాడు మీ కనెక్షన్‌లోకి దొంగ ప్యాకెట్లు దూర్చగలడు.

ఓరుగల్లు_రూటర్:
హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదట్లో జరిగే మూడు ప్యాకెట్ల పలకరింపు) కళ్లతో చూశాక ఎన్‌మ్యాప్ (ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చూసే స్కానర్) పట్టుకోండి, అప్పుడది మంత్రంలా అనిపించదు. సిన్ (కనెక్షన్ అడిగే ప్యాకెట్) పంపితే సిన్-యాక్ (సరే అనే జవాబు) వచ్చిందా, పోర్టు ఓపెన్. ఆర్‌ఎస్‌టీ (రీసెట్) వచ్చిందా, క్లోజ్డ్. ఏమీ రాకపోతే ఫిల్టర్డ్, మధ్యలో ఫైర్‌వాల్ మింగేసింది. పక్కన వైర్‌షార్క్ తెరిచిపెట్టి స్కాన్ చేస్తే ఈ మూడూ వరసగా కనబడతాయి. రూట్‌గా నడిపితే సిన్ స్కాన్, మామూలు యూజర్‌గా అయితే పూర్తి కనెక్ట్ స్కాన్. రెండోది సర్వర్ లాగ్‌లో ఎక్కువగా పడుతుంది.

డిఫాల్ట్‌గా అది చూసేది ఎక్కువ వాడే 1000 పోర్టులే, 65535 కాదు. "అన్నీ స్కాన్ చేశాను" అని రికార్డులో రాసేముందు అది గుర్తుంచుకోండి. యూడీపీ మొత్తం స్కాన్ పెట్టి ఎదురుచూడకండి. మూసిన యూడీపీ పోర్టుకి జవాబుగా వచ్చే ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలు తెలిపే) సందేశాలను లైనక్స్ సెకనుకి ఒకటి చొప్పున పరిమితం చేస్తుంది, 65 వేల పోర్టులకి 18 గంటలు దాటుతుంది. 53, 67, 123, 161 లాంటి నాలుగైదు చాలు.

తర్వాత ఫైర్‌వాల్. ఒక ఉబుంటు సర్వర్ మిషన్ వేసి, ఒకే పోర్టుని ఒకసారి డ్రాప్ (జవాబివ్వకుండా పారేయడం), ఒకసారి రిజెక్ట్ (కుదరదని జవాబివ్వడం) చేసి బయటినుంచి స్కాన్ చేయండి. డ్రాప్ అయితే ఫిల్టర్డ్, రిజెక్ట్ అయితే క్లోజ్డ్ అని వస్తుంది.

గోదారి_గేట్‌వే:
ఇక్కడొక సవరణ అన్నా. ఐపీటేబుల్స్‌లో (లైనక్స్ ఫైర్‌వాల్ టూల్) ఉత్త రిజెక్ట్ రాస్తే వెళ్లేది ఐసీఎంపీ "పోర్టు అందదు" సందేశం. దానికి ఎన్‌మ్యాప్ ఫిల్టర్డ్ అనే చెబుతుంది. టీసీపీ రీసెట్‌తో రిజెక్ట్ చేయమని విడిగా రాస్తేనే క్లోజ్డ్. యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటులో ఫైర్‌వాల్‌ని సులువుగా పెట్టే టూల్) మాత్రం టీసీపీ పోర్టుని రిజెక్ట్ చేసేటప్పుడు రీసెట్టే పంపుతుంది, నువ్వు చెప్పిన ఫలితం అందులో వస్తుంది.

ఓరుగల్లు_రూటర్:
అవును, నాది యూఎఫ్‌డబ్ల్యూ లెక్క. చెప్పినందుకు థ్యాంక్స్. తమ్ముడూ, రెండు విధాలుగానూ చేసి తేడా రికార్డులో రాయి.

ఫైర్‌వాల్ దగ్గర ఎక్కువమంది పడే గోతులు: ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరంనుంచి లాగిన్ అయి, పోర్టు 22 అనుమతించకుండానే అన్నీ మూసేయడం. ఇంకో సెషన్ తెరవలేక బయటే నిలబడాలి. ముందు లూప్‌బ్యాక్ (మిషన్ తనతో తాను మాట్లాడుకునే దారి), తర్వాత ఇప్పటికే కుదిరిన కనెక్షన్లు, తర్వాత 22, చివర్లో మూత. ఐపీటేబుల్స్‌లో రూల్స్ పైనుంచి కిందకి చదువుతుంది, మొదట సరిపోయినదే చెల్లుతుంది. పైన "అన్నీ అనుమతించు" ఉంటే కింద ఎన్ని నిషేధాలు రాసినా ఒక్కటీ పనిచేయదు. పైగా ఐపీటేబుల్స్ ఐపీవీ4కే. ఐపీవీ6కి వేరే పట్టిక. ఒకవైపు తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచి ఉంచిన సర్వర్లు ఇలాగే తయారవుతాయి. డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని కంటెయినర్లలో విడిగా నడిపే టూల్) వాడితే ఇంకా జాగ్రత్త. కంటెయినర్ పోర్టుని బయటికి పబ్లిష్ చేస్తే ఆ ట్రాఫిక్ ఇన్‌పుట్ చెయిన్‌కి రాకుండా ఫార్వర్డ్ దారిలో పోతుంది, యూఎఫ్‌డబ్ల్యూలో మూసినా తెరిచే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లోనే వాడుకునే సర్వీస్ అయితే 127.0.0.1కి కట్టి పబ్లిష్ చేయాలి.

మాడ్యులో_మాస్టారు:
లెక్కల గురించి ఎవరూ చెప్పలేదు. పరీక్షలో మార్కులు అక్కడే ఉన్నాయి, అర్థం కూడా అక్కడే ఉంది. ఆర్‌ఎస్‌ఏ (పబ్లిక్ కీ, ప్రైవేట్ కీ విడిగా ఉండే పద్ధతి) ఒక లెక్క చూడండి. పీ 13, క్యూ 19. ఎన్ 247. ఫై 12 × 18 = 216. పబ్లిక్ ఘాతం (ఇంగ్లిష్ అక్షరం e) విలువ 5 తీసుకుందాం, 216తో ఉమ్మడి కారణాంకం లేదు (3 తీసుకుంటే చెల్లదు, 216ని భాగిస్తుంది). యూక్లిడ్ పద్ధతిలో 216 = 43 × 5 + 1, అంటే డీ (ప్రైవేట్ ఘాతం) −43. చాలామంది ఇక్కడే ఆగి మైనస్ గుర్తుతో వదిలేస్తారు, లేదా గుర్తు తీసేసి 43 రాస్తారు. 216 కలిపి 173 అనాలి. సరిచూస్తే 5 × 173 = 865 = 4 × 216 + 1. సందేశం 10 అయితే 10కి ఐదో ఘాతం లక్ష, 247తో భాగిస్తే శేషం 212. అదే సైఫర్. మూడు తప్పులు మళ్లీ మళ్లీ కనబడతాయి: డీ కోసం ఫైకి బదులు ఎన్‌తో మాడ్యులో తీయడం, సందేశం ఎన్‌కంటే పెద్దది తీసుకోవడం, ఘాతం మొత్తం వేశాకే శేషం తీయబోయి క్యాలిక్యులేటర్ చేతులెత్తేయడం. ప్రతి వర్గానికీ శేషం తీస్తూ వెళ్లాలి.

డిఫీ-హెల్‌మన్‌కి (అందరూ వింటుండగానే రహస్య కీ కుదుర్చుకునే పద్ధతి) పీ 23, జీ 5. ఒకరి రహస్యం 6, పంపేది 8. ఇంకొకరిది 15, పంపేది 19. ఇద్దరికీ వచ్చే ఉమ్మడి కీ 2. లెక్క చక్కగా కుదిరింది. కానీ ఆ 19 నిజంగా అవతలివారే పంపారని లెక్కలో ఎక్కడా లేదు. మధ్యలో ఒకడు కూర్చుని ఇద్దరితోనూ విడివిడిగా కీ కుదుర్చుకుంటే ఇద్దరికీ తెలియదు. ఈ ఒక్క లోటు అర్థమైతే డిజిటల్ సిగ్నేచర్లు, సర్టిఫికెట్లు అన్న యూనిట్ ఎందుకుందో అర్థమైనట్టే.

ప్యాకెట్_పహారా:
మాస్టారు చెప్పిన ఆ "మధ్యలో ఒకడు" ల్యాబ్‌లో కళ్లకు కనబడతాడు. ఏఆర్‌పీ (ఏ ఐపీకి ఏ మ్యాక్ అన్నది కనుక్కునేది) 1982 నాటి ప్రోటోకాల్. "192.168.56.102 నేనే, నా మ్యాక్ ఇది" అని ఎవరు చెప్పినా నమ్ముతుంది, అడగకుండా చెప్పినా నమ్ముతుంది. మూడు మిషన్లు కావాలి: కాలీ, మెటాస్ప్లాయిటబుల్, ఉబుంటు. ముగ్గురికీ కలిపి మూడున్నర జీబీ దాటకుండా ఉబుంటుకి డెస్క్‌టాప్ లేని సర్వర్ రకం వేసి 1 జీబీ ఇవ్వండి. మోసం మొదలుపెట్టకముందు, పెట్టాక ఉబుంటులో ఏఆర్‌పీ పట్టిక చూడండి. రెండు ఐపీలకీ ఒకే మ్యాక్ కనబడుతుంది. వైర్‌షార్క్ కూడా "ఒకే ఐపీని ఇద్దరు వాడుతున్నారు" అని పసుపు హెచ్చరిక ఇస్తుంది. మోసం మొదలవగానే ఉబుంటుకి కనెక్షన్ పోయిందంటే కాలీలో ఐపీ ఫార్వర్డింగ్ 0లో ఉంది. వచ్చినవి మింగేస్తోంది, ముందుకు పంపడం లేదు.

ఇక విరుగుడు చేయండి, మార్కులు దానికే ఇవ్వాలని నా అభిప్రాయం. ఒకటి, ఉబుంటులో ఆ ఐపీకి స్థిరమైన ఏఆర్‌పీ వరుస రాసి మళ్లీ ప్రయత్నించడం. రెండు, టెల్‌నెట్ బదులు ఎస్‌ఎస్‌హెచ్ వాడితే మధ్యలోవాడికి ఏం కనబడుతుందో చూడటం.

ఓరుగల్లు_రూటర్:
నిజమైన క్యాంపస్‌లో వందల మిషన్లకి చేత్తో రాయలేం. అక్కడ స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సందేశాలను గమనించడం), దాని మీద డైనమిక్ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్. ఏ పోర్టుకి ఏ ఐపీ ఇచ్చారో స్విచ్ గుర్తుపెట్టుకుని, దానికి పొసగని ఏఆర్‌పీని పారేస్తుంది. క్రమం ముఖ్యం. డీహెచ్‌సీపీ సర్వర్ వైపు వెళ్లే పోర్టుని ముందు ట్రస్టెడ్ చేయకుండా స్నూపింగ్ ఆన్ చేస్తే ఎవరికీ ఐపీ రాదు. చేత్తో స్థిర ఐపీ ఇచ్చిన ప్రింటర్లు ఆ పట్టికలో ఉండవు, ఇన్‌స్పెక్షన్ పెట్టగానే మూగబోతాయి. వాటికి విడిగా ఏఆర్‌పీ ఏసీఎల్ (అనుమతి జాబితా) రాయాలి.

మూడో_ఏడు_సీఎస్‌ఈ:
ఇంకో రెండు. కాలీలో వైఫై కార్డే కనబడటం లేదు. అలాగే హెచ్‌టీటీపీఎస్ లోపల చూడాలని బ్రౌజర్ కీ లాగ్ ఫైల్ (బ్రౌజర్ తన సెషన్ కీలు రాసే ఫైల్) పెట్టాను, అయినా డీక్రిప్ట్ అవడం లేదు.

గోదారి_గేట్‌వే:
వైఫై: వర్చువల్ మిషన్‌కి నీ ల్యాప్‌టాప్ కార్డు కనబడదు, దానికి ఇచ్చేది వైర్డ్ కార్డే. మానిటర్ మోడ్‌కి (చుట్టూ వెళ్లే వైఫై ప్యాకెట్లన్నీ వినడం) విడిగా యూఎస్‌బీ అడాప్టర్ కొని మిషన్‌కి అప్పగించాలి. ఇప్పుడు కొనకు, ఈ సెమిస్టర్‌కి అక్కర్లేదు. ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు. డబ్ల్యూపీఏ2లో హాస్టల్ మొత్తానికి ఒకే పాస్‌వర్డ్ ఉంటే, అది తెలిసినవాడు నీ ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పటి నాలుగు ప్యాకెట్ల హ్యాండ్‌షేక్ పట్టుకుంటే నీ ట్రాఫిక్ విప్పగలడు. డబ్ల్యూపీఏ3లో అలా కుదరదు.

హెచ్‌టీటీపీఎస్: మూడు కారణాల్లో ఒకటి. కీ లాగ్ వేరియబుల్ పెట్టేముందే తెరిచి ఉన్న బ్రౌజర్ దాన్ని చదవదు. అన్ని విండోలూ, వెనకాల నడిచేవీ మూసి మళ్లీ తెరవాలి. క్యాప్చర్ హ్యాండ్‌షేక్ తర్వాత మొదలైతే ఏ కీ అయినా దండగ. లేదా నువ్వు టీసీపీ 443 చూస్తున్నావు, బ్రౌజర్ క్విక్ (QUIC అనే ప్రోటోకాల్) ద్వారా యూడీపీ 443లో మాట్లాడుతోంది. బ్రౌజర్‌లో క్విక్ ఆపి ప్రయత్నించు.

మాడ్యులో_మాస్టారు:
సర్వర్ ప్రైవేట్ కీ ఉంటే పాత క్యాప్చర్ అంతా విప్పవచ్చని కొన్ని నోట్స్‌లో ఇంకా ఉంటుంది. అది ఆర్‌ఎస్‌ఏతో కీ పంపే పాత పద్ధతికే నిజం. 2018 ఆగస్టులో వచ్చిన టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకుండే ఎన్‌క్రిప్షన్ ప్రోటోకాల్) 1.3 ఆ పద్ధతిని తీసేసింది. ప్రతి సెషన్‌కీ తాజా డిఫీ-హెల్‌మన్, సర్టిఫికెట్ పని సంతకం చేయడమే. పైన మనం అన్న లోటు పూడింది ఇలాగే. టీఎల్‌ఎస్ 1.0, 1.1లను 2021 మార్చిలో పక్కనపెట్టేశారు. వైవాలో అడిగితే ఇది చెప్పండి.

మూడో_ఏడు_సీఎస్‌ఈ:
క్విక్ ఆపగానే వచ్చింది! మినీ ప్రాజెక్టుకి ఇందులోంచే ఏదైనా చెప్పండి. అందరూ కీలాగర్లు, ఫిషింగ్ పేజీలు చేస్తున్నారు.

ల్యాబ్_తాళాలు:
అవి వద్దు. కాపలా కాసే ప్రాజెక్టు చేయండి. ఇప్పుడున్న మూడు మిషన్లే చాలు. ఉబుంటులో సురికాటా (దాడుల్ని గుర్తించి అలర్ట్ ఇచ్చే టూల్) వేసి, కాలీ నుంచి స్కాన్, తప్పు పాస్‌వర్డ్ ప్రయత్నాలు, ఏఆర్‌పీ మోసం చేసి, ఏది పట్టుకుంది, ఏది వదిలేసింది పట్టిక వేయండి. హోస్ట్-ఓన్లీలో మిగతా ఇద్దరి మాటలూ వినాలంటే ఉబుంటు అడాప్టర్‌లో ప్రామిస్క్యువస్ మోడ్ "అందరినీ అనుమతించు" అని ఉండాలి, డిఫాల్ట్ నిరాకరణ. అలర్ట్ రాలేదంటే మొదట అది చూడండి, తర్వాత సురికాటా కాన్ఫిగ్‌లో ఇంటి నెట్‌వర్క్ 192.168.56.0/24 కవర్ అయిందో లేదో, అడాప్టర్ పేరు సరిపోయిందో లేదో.

సమయం మీద ఒక పేజీ తప్పక రాయండి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ) ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, ఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి, గడియారాలు ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలపాలి. గడియారం ఎందుకంత ముఖ్యమో మీ ల్యాబ్‌లోనే తెలుస్తుంది. మిషన్‌ని సస్పెండ్ చేసి లేపితే దాని టైమ్ వెనకబడి ఉండొచ్చు, అప్పుడు వరసే తలకిందులవుతుంది: దాడికి ముందే అలర్ట్ వచ్చినట్టు కనబడుతుంది. ఇంకోటి, ఉబుంటు సర్వర్ లాగ్‌లు యూటీసీలో ఉంటాయి, మీ విండోస్ వైర్‌షార్క్ మన టైమ్ చూపిస్తుంది. రెండు పట్టికలూ సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు తేడాగా వస్తుంటే సురికాటా తప్పేమీ లేదు. ముందే మూడింటినీ యూటీసీకి పెట్టి, వైర్‌షార్క్‌లో కూడా వ్యూ మెనూలో టైమ్‌ని యూటీసీకి మార్చుకుని మొదలుపెట్టండి.